1907లో వచ్చినవాళ్లు

ఇక్కడ మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే గ్రీన్ కార్డు మాట రాకుండా పోదు. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "వందేళ్ల కిందట అమెరికా వచ్చినవాళ్లకి వీసాల్లేవు, క్యూల్లేవు. ఓడెక్కారు, దిగారు, సెటిలైపోయారు. అదృష్టవంతులు." వీసాల్లేవన్న మాట యూరప్ వాళ్ల వరకూ నిజమే. అదృష్టవంతులు అన్న దగ్గర మాత్రం నేను ఊరుకోలేను.

నేను పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్‌లో ఉంటాను. వర్కర్స్ కాంపెన్సేషన్ క్లెయిమ్స్‌లో పని చేస్తాను. పనిలో దెబ్బలు తగిలినవాళ్ల ఫైళ్లు నా దగ్గరికి వస్తాయి. వేలు తెగితే ఎన్ని వారాల జీతం రావాలి, నడుం పోతే వైద్యం ఖర్చు ఎవరు కట్టాలి, మనిషే పోతే భార్యకెంత, పిల్లలకెంత, ఎప్పటిదాకా ఇవ్వాలి, ఇదే రోజూ నేను చూసే లెక్క. ఈ పరిహారం ఇప్పించే చట్టం రాకముందు ఇక్కడ ఏం చేసేవాళ్లు అన్న ప్రశ్న ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే పుట్టింది. జవాబు కోసం చదవబోతే ఈ ఊరికి వలస వచ్చినవాళ్ల కథంతా నా మీద పడింది. దాన్ని నాకు చేతనైనట్టు మీకు చెప్పాలని ఈ పోస్టు. ఒక్క ఏడాది పట్టుకుని చెప్తాను, 1907. ఆ కాలంలో ఏం జరిగినా దాని ఆనవాలు ఆ ఏడాదిలో కనిపిస్తుంది.

1907 జూన్‌తో ముగిసిన సర్కారు లెక్కల సంవత్సరంలో అమెరికాలోకి 12,85,349 మంది వచ్చారు. అప్పటిదాకా ఏ సంవత్సరంలోనూ అంతమంది రాలేదు. వాళ్లలో ఎక్కువమంది దిగింది న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ఐలండ్‌లో. ఏప్రిల్ 17న ఒక్కరోజే అక్కడ 11,747 మందిని తనిఖీ చేసి పంపారు. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ వాళ్లను ఓడలోనే చూసి వదిలేసేవాళ్లు. ఓడ అడుగున వచ్చినవాళ్లకే ఆ పెద్ద హాలు, ఆ వరసలు. మెట్లెక్కేటప్పుడు ఆయాసపడుతున్నారా, కుంటుతున్నారా అని పైనుంచి డాక్టర్లు చూసేవాళ్లు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవాళ్లు, గుండె జబ్బుకి ఒక అక్షరం, కళ్లకి ఒకటి, మతి సరిగా లేదనుకుంటే ఇంకొకటి. బూటు గుండీలు పెట్టుకునే చిన్న కొక్కెంతో కనురెప్ప తిరగేసి ట్రకోమా అనే అంటు కంటిజబ్బు ఉందేమో చూసేవాళ్లు. ఆ ఒక్క పరీక్షకి అందరూ వణికిపోయేవాళ్లట.

డాక్టర్లయ్యాక ప్రశ్నలు. వాటిలో ఒకటి నన్ను చాలా రోజులు వెంటాడింది: "నీకు ఇక్కడ పని ముందే కుదిరిందా?" కుదిరిందంటే తప్పు. ఎందుకంటే ముందే ఒప్పందం చేసుకుని విదేశాల నుంచి కూలీలను తేవడం 1885 చట్టం ప్రకారం నేరం. పోనీ, పనీ లేదు, చేతిలో డబ్బూ లేదు, తెలిసినవాళ్లూ లేరంటే అదీ తప్పే. సర్కారు మీద భారంగా పడతావని వెనక్కి పంపొచ్చు. పని చేసే ఒంట్లో బలం ఉంది, చేయడానికి సిద్ధం, కానీ ఎవరితోనూ మాట అనుకోలేదు అని చెప్పాలి. అన్నో బావో ఉత్తరంలో "మా ఫోర్‌మన్‌తో చెప్పి ఉంచాను, వచ్చెయ్" అని రాసి ఉంటే ఆ సంగతి నోరు జారకూడదు. ఇంగ్లీషు రాని పల్లెటూరి మనిషి దుబాసీ ద్వారా రెండు నిమిషాల్లో ఆ సన్నని దారి దాటాలి. మన వీసా ఇంటర్వ్యూల టెన్షన్ తెలిసినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

అయినా నూటికి 98 మంది దాటారు. ఇది దాచనక్కర్లేదు, తలుపు తీసే ఉంది. అన్నట్టు, ఎల్లిస్ ఐలండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేసేవాళ్లని ఇక్కడ చాలామంది చెప్తారు. అది కట్టుకథ. ఓడ వాళ్లు రాసి తెచ్చిన జాబితా ముందు పెట్టుకునే ఆఫీసర్లు ప్రశ్నలడిగేవాళ్లు. పేర్లు మారింది తర్వాత, ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో, స్కూల్లో, కొన్నిసార్లు వాళ్ల ఇష్టంతోనే.

వచ్చింది ఎవరు? అంతకుముందు తరాల్లో ఐరిష్, జర్మన్, ఇంగ్లీషు వాళ్లు ఎక్కువ. 1907 నాటికి దక్షిణ ఇటలీ వాళ్లు, ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలోని స్లొవాక్, క్రొయేషియన్, పోలిష్, హంగేరియన్ వాళ్లు, రష్యా నుంచి పారిపోయి వచ్చే యూదులు. యూదులు ఊచకోతల నుంచి తప్పించుకుని కుటుంబాలతో వచ్చారు, తిరిగి వెళ్లే ఆలోచన లేకుండా. మిగతావాళ్లలో చాలామంది ఒంటరి మగవాళ్లు. అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా చెక్క మిగిలిన భూమి, దాని మీద పన్నులు, అప్పు. నాలుగేళ్లు కష్టపడి డబ్బు కూడబెట్టి, ఊళ్లో ఇంకో చెక్క కొనుక్కుని, ఇల్లు కట్టుకుందామని వచ్చారు. అమెరికాలో ఉండిపోదామని రాలేదు. ఇది తెలిస్తే తప్ప వాళ్లు అంత ఘోరమైన బతుకుని ఎందుకు భరించారో మనకి అర్థం కాదు. కొన్నాళ్లే కదా అనుకున్నారు.

ఇటువైపు పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లులకు వాళ్లు కావాలి. అంతకుముందు ఉక్కు తయారీ చేతి నైపుణ్యం ఉన్న పనివాళ్ల మీద నడిచేది. వాళ్లకి యూనియన్ ఉండేది, గట్టిగా మాట్లాడేవాళ్లు. కొత్త యంత్రాలు వచ్చాక ఆ నైపుణ్యం అవసరం తగ్గింది, మోయడానికీ తోయడానికీ మనుషులు కావాల్సి వచ్చింది. పిట్స్‌బర్గ్ పక్కనే హోమ్‌స్టెడ్‌లో 1892 జూలైలో ఆండ్రూ కార్నెగీ ఉక్కు కంపెనీ ఆ యూనియన్‌ని విరగ్గొట్టింది. జూలై 6న కంపెనీ కిరాయికి తెచ్చిన పింకర్టన్ ఏజెన్సీ మనుషులు నది మీద పడవల్లో వస్తే కాల్పులు జరిగాయి, రెండువైపులా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా అక్కడ యూనియన్ లేదు. 1907లో వచ్చిన స్లొవాక్ కుర్రాడు అడుగుపెట్టింది అలా ఓడిపోయిన మిల్లులోకి. ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లు కూడా లేరు.

"కార్నెగీ కూడా వలస వచ్చినవాడే కదా" అంటారు. అవును. 1848లో, చిన్నపిల్లాడిగా, స్కాట్లండ్ నుంచి. వారానికి 1 డాలర్ 20 సెంట్లకి బట్టల మిల్లులో దారపు కండెలు మార్చే పని చేశాడు. ఆ కష్టం నిజం. కానీ ఆయన ఇంగ్లీషు మాట్లాడేవాడు, వచ్చింది ఈ పరిశ్రమలు పుడుతున్న రోజుల్లో. అరవై ఏళ్ల తర్వాత వచ్చినవాడి ముందు ఆ నిచ్చెన లేదు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ముట్టుకోని పనులకు "హంకీల పని" అని పేరే ఉండేది. స్లావ్ జాతుల వాళ్లందరికీ కలిపి వాడిన తిట్టు అది.

హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు వాటర్‌ఫ్రంట్ అనే షాపింగ్ సెంటర్ ఉంది. మన పిట్స్‌బర్గ్ వాళ్లందరూ సినిమాకో షాపింగ్‌కో వెళ్లే చోటే. పార్కింగ్ పక్కన వరసగా నిలబడ్డ 12 ఇటుక పొగగొట్టాలు పాత మిల్లువి. అక్కడ కూలివాడికి 1907లో గంటకు పదహారున్నర సెంట్లు. రోజుకు 12 గంటలు పని చేస్తే 2 డాలర్లకి రెండు సెంట్లు తక్కువ. చాలా విభాగాల్లో వారానికి ఏడు రోజులూ పనే. పగలు షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకి మారే ఆదివారం ఏకబిగిన 24 గంటలు పని. రెండు వారాలకోసారి అది వచ్చేది. "లాంగ్ టర్న్" అనేవాళ్లు. కరిగిన ఉక్కు దగ్గర ఇరవయ్యో గంటలో నిలబడ్డ మనిషి ఎంత జాగ్రత్తగా ఉండగలడు? ఫైళ్లు చూసే నాలాంటివాళ్లకి ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. కార్నెగీ అక్కడ 1898లో గొప్ప లైబ్రరీ కట్టించాడు, ఇప్పటికీ అందంగా ఉంది. 12 గంటలు పని చేసి వచ్చినవాడు అందులో కూర్చుని ఎప్పుడు చదువుతాడు!

ఇళ్ల సంగతి చెప్పాలి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది, ఎవరూ చెప్పనిదీ ఇదే.

ఒంటరిగా వచ్చిన మగవాళ్లు తమ భాష వాళ్ల ఇంట్లో అద్దెకి దిగేవాళ్లు. ఆ ఇల్లు రెండు గదులో మూడు గదులో. దంపతులు, పిల్లలు, వాళ్లతోపాటు ఐదారుగురు, కొన్నిచోట్ల పదిమంది దాకా మగవాళ్లు. పగలు షిఫ్టు వాడు లేచి వెళ్లిన మంచం మీద రాత్రి షిఫ్టు వాడు వచ్చి పడుకునేవాడు. దుప్పటి చల్లారేది కాదు. ఒక్కొక్కరు నెలకి సుమారు 3 డాలర్లు ఇచ్చేవాళ్లు. దానికి పడక, వంట, బట్టలు ఉతకడం అన్నీ కలిపి. సరుకుల ఖర్చు వేరే. ఇంటాయనని "బోర్డింగ్ బాస్" అనేవాళ్లు. బాస్ ఆయన, పని ఆవిడది. ఆయన కూడా పగలు మిల్లుకే వెళ్లేవాడు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది, ఎనభై దాటాయి. వాళ్ల నాయనమ్మ స్లొవాక్ ఊరి నుంచి వచ్చి, హోమ్‌స్టెడ్ పక్కనే మన్‌హాల్ ప్రాంతంలో ఇలాగే ఇల్లు నడిపిందట. ఆవిడ చెప్పినవి విన్నాక నాకు పుస్తకాల్లో చదివినవన్నీ మనుషుల్లా కనిపించాయి. అద్దెకున్నవాళ్లు ఎవరి మాంసం ముక్క వాళ్లు కొనుక్కునేవాళ్లట. నాయనమ్మ అన్నిటికీ గుర్తులు కట్టి ఒకే కుండలో ఉడికించేది, ఎవరి ముక్క వాళ్లకే పెట్టాలి. తప్పితే గొడవ. తెల్లారకముందే పగలు షిఫ్టు డబ్బాలు కట్టాలి, సాయంత్రం రాత్రి షిఫ్టు డబ్బాలు కట్టాలి. నీళ్లు వాకిట్లో కుళాయి నుంచి మోసుకురావాలి, ఆ కుళాయి అన్ని ఇళ్లకీ కలిపి ఒకటే. మసి పట్టిన ఎనిమిది మంది బట్టలు గోకుడు బల్ల మీద రుద్ది ఉతకాలి. ఇవన్నీ కడుపుతో ఉండి, చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు ఉండగా. "మా నాయనమ్మ కూర్చుని తినడం మా నాన్న చిన్నప్పుడు ఎప్పుడూ చూడలేదట," అంది ఆవిడ.

ఆవిడ మనవరాలు జనాభా లెక్కల పాత కాగితం ఒకటి ఇంటర్నెట్లో వెతికి ప్రింట్ తీసి ఇచ్చింది. నేనూ చూశాను. ఇంటాయన పేరు, ఎదురుగా వృత్తి: ఉక్కు మిల్లులో కూలి. కింద నాయనమ్మ పేరు, వృత్తి: లేదు. దాని కింద అద్దెకున్న మగవాళ్ల పేర్లు వరసగా. అంతమందికి వండిపెట్టిన మనిషికి వృత్తి లేదు. ఆ ఇంటికి నెల గడిచింది, పిల్లలకి బూట్లు వచ్చింది, చివరికి ఇల్లు కొనుక్కున్నది ఆ అద్దె డబ్బులతోనే. ఒక్క మగవాడి కూలితో కుటుంబం గడవదని ఆ రోజుల్లోనే 90 కుటుంబాల ఇంటి ఖర్చుల లెక్కలు రాయించి మార్గరెట్ బైయింగ్టన్ అనే పరిశోధకురాలు చూపించింది. వలస వచ్చినవాళ్లు "కష్టపడి పైకొచ్చారు" అనేటప్పుడు ఆ కష్టంలో సగం ఈ ఆడవాళ్లది. నా మటుకు నేను సగం కన్నా ఎక్కువే అంటాను.

తాగే నీళ్ల గురించి కూడా ఒక మాట. పిట్స్‌బర్గ్‌లో అప్పటిదాకా నదినీళ్లు వడపోయకుండానే ఇచ్చేవాళ్లు. దేశంలో టైఫాయిడ్ అత్యధికంగా ఉన్న పెద్ద ఊళ్లలో ఇది ముందుండేది. పాతవాళ్లు సీసా నీళ్లు కొనుక్కునేవాళ్లు, కాచుకునేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరు చెప్తారు? వడపోత ప్లాంటు నీళ్లు రావడం మొదలైంది 1907 చివర్లో.

ఇప్పుడు నా ఉద్యోగానికి సంబంధించిన సంగతి.

1907-08లో పిట్స్‌బర్గ్ సర్వే అని ఒక పెద్ద పరిశోధన జరిగింది. బైయింగ్టన్ పని చేసింది అందులోనే. క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే యువ లాయరు పనిలో జరిగే ప్రమాదాల మీద పని చేసింది. 1906 జూలై నుంచి 1907 జూన్ దాకా మా ఆలిఘెనీ కౌంటీలో పనిలో చనిపోయినవాళ్ల సంగతి ఒక్కొక్కటిగా, ఇంటింటికీ వెళ్లి సేకరించారు. మొత్తం 526 మంది. ఉక్కు పనివాళ్లు 195, రైల్వే పనివాళ్లు 125, గని కార్మికులు 71, మిగతా 135 మంది తక్కిన పనుల్లో. ఒక్క కౌంటీలో, ఒక్క ఏడాదిలో. ఆ లెక్కని క్యాలెండర్‌గా వేశారు, ఏ తేదీన ఎంతమంది పోతే అన్ని ఎర్ర గుర్తులు. దాని పేరే చావుల క్యాలెండర్. గుర్తు లేని రోజులు వెతుక్కోవాలి.

తర్వాత ఆ కుటుంబాలకి ఏం దక్కింది అని ఆమె అడిగింది. పెళ్లయిన మగవాళ్ల చావుల్లో సగానికి పైగా కుటుంబాలకు కంపెనీల నుంచి వచ్చింది 100 డాలర్లు గానీ, అంతకన్నా తక్కువ గానీ. చాలామందికి ఏమీ లేదు. అది రెండు నెలల కూలి కూడా కాదు. నేను రోజూ చూసే ఫైళ్లలో కూడా జనం బాధపడతారు, తక్కువ వచ్చిందంటారు, కోర్టుకెళ్తారు. కానీ ఒక దారి ఉంది, ఒక ఫారం ఉంది, గడువు ఉంది. అప్పుడు దారే లేదు. కంపెనీ మీద కేసు వేసి గెలవాలి. కంపెనీ చేతిలో మూడు ఆయుధాలు ఉండేవి: తోటి పనివాడి పొరపాటు వల్ల జరిగితే కంపెనీకి సంబంధం లేదు, ప్రమాదం ఉందని తెలిసే పనిలో చేరాడు కాబట్టి బాధ్యత అతనిదే, చనిపోయినవాడి తప్పు కొంచెమైనా ఉంటే ఏమీ ఇవ్వక్కర్లేదు. ఈ మూడూ దాటి, ఇంగ్లీషు రాని విధవరాలు, లాయరుని పెట్టుకుని గెలవాలి.

ఆ విధవరాలు ఇక్కడ ఉంటే సంగతి అది. ఇటలీలోనో స్లొవాక్ పల్లెలోనో ఉంటే? భర్త డబ్బు పంపిస్తుంటే అక్కడ పిల్లల్ని పెంచుకుంటున్న ఆడవాళ్లు వేలమంది. పెన్సిల్వేనియా కోర్టులు వాళ్లకి దావా వేసే హక్కే లేదన్నాయి. దేశంలో నివసించని విదేశీయులకు ఆ చట్టం వర్తించదట. ఒక ఇటాలియన్ విధవరాలి కేసు, ఆమె ఇంటిపేరు మయొరానో, అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇటలీతో ఒప్పందం ఉంది కదా, మీ పౌరులతో సమానంగా చూస్తామన్నారు కదా అని వాదించారు. 1909లో సుప్రీంకోర్టు కూడా కాదంది. చావుకి కారణం కంపెనీ నిర్లక్ష్యమే అయినా, భార్య సముద్రానికి అవతల ఉంది కాబట్టి పైసా లేదు. ఆ తీర్పు చదివిన రోజు నాకు ఆఫీసులో ఏ పనీ సాగలేదు. భార్యల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లనే ఎక్కువ ప్రమాదం ఉన్న పనుల్లో పెట్టడం కంపెనీలకి ఎంత చవకో ఆలోచించండి.

1907 డిసెంబర్ ఈ లెక్కలన్నిటినీ మించిపోయింది. డిసెంబర్ 6 ఉదయం వెస్ట్ వర్జీనియాలో మొనోంగా అనే ఊళ్లో బొగ్గు గని పేలింది. సర్కారు లెక్కకి 362 మంది. అమెరికా గనుల చరిత్రలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. కంపెనీ పుస్తకంలో పేరున్నవాళ్లదే ఆ లెక్క. పేరున్న పనివాడు తనకి సాయంగా తమ్ముణ్నో కొడుకునో తీసుకెళ్లేవాడు, వాళ్ల పేర్లు ఎక్కడా ఉండేవి కావు. అందుకే అసలు లెక్క ఎక్కువని అందరూ అంటారు. చనిపోయినవాళ్లలో చాలామంది ఇటలీలోని మొలీజె, కలాబ్రియా ప్రాంతాల వాళ్లు. ఆ ఊళ్లలో ఇప్పటికీ ఆ రోజుని తలుచుకుంటారు. మొనోంగాలో కెటరీనా డేవియా అనే ఆవిడ భర్త శవం దొరకలేదు. ఆవిడ ఏళ్ల తరబడి రోజూ గని దగ్గరికి వెళ్లి సంచీతో బొగ్గు మోసుకొచ్చి ఇంటి పక్కన పోసేదట. కాల్చుకోవడానికి కాదు. గనిలో ఉన్న భర్త మీద బరువు తగ్గించడానికి.

13 రోజుల తర్వాత, డిసెంబర్ 19న, మాకు దగ్గర్లోనే డార్ గనిలో 239 మంది పోయారు. ఇంకా ఎక్కువమంది పోవాల్సింది. పాత క్యాలెండర్ పాటించే తూర్పు యూరప్ క్రైస్తవులకి ఆ రోజు సెయింట్ నికలస్ పండగ. పని మానేసి చర్చికి వెళ్లినవాళ్లు బతికారు. ఆ ఏడాది మొత్తం మీద దేశంలో బొగ్గు గనుల్లో చనిపోయినవాళ్లు 3,242. అంత చావు మళ్లీ ఏ ఏడాదీ లేదు. మూడేళ్లకి, 1910లో, గనుల్లో భద్రత చూసే బ్యూరో ఆఫ్ మైన్స్ అనే ప్రభుత్వ శాఖ పుట్టింది.

సర్కారూ, కంపెనీ, కోర్టూ ఇవ్వనిది వాళ్లే ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఇక్కడ నాకు వాళ్ల మీద గౌరవం రెట్టింపవుతుంది. నేషనల్ స్లొవాక్ సొసైటీ 1890లో పిట్స్‌బర్గ్‌లోనే మొదలైంది. క్రొయేషియన్ల సంఘం 1894లో ఇక్కడే మొదలైంది. నెలనెలా కొద్దిపాటి చందా, మనిషి పోతే కుటుంబానికి ఒక మొత్తం. జబ్బు చేస్తే కొంత. శవం వెంట నడవడానికి బ్యాడ్జీలు పెట్టుకున్న సభ్యులు. ఊరు కాని ఊళ్లో దిక్కులేని చావు చావకూడదన్నది వాళ్ల భయం. సభ్యులు ఎక్కువమంది కూలీలే, చదువు అంతంతమాత్రం, అయినా పుస్తకాలు రాసి, లెక్కలు చూసి, ఇన్సూరెన్సు నడిపారు. నేను ఇన్సూరెన్సు లోపల పనిచేసే మనిషిని, అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ సంఘాల్లో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి.

అందరూ అంత నిజాయితీగా లేరు. తమ భాషవాడే కదా అని కిరాణా కొట్టువాడి దగ్గరో సారా కొట్టువాడి దగ్గరో డబ్బు దాచుకుంటే, ఆ "బ్యాంకు" మూసేసి పారిపోయినవాళ్లున్నారు. ఇటాలియన్ కూలీలకి పని ఇప్పించి కమిషన్ తినే పద్రోనెలు ఇటాలియన్లే. ఫోర్‌మన్‌కి చేయి తడిపితే గానీ పని దొరకని మిల్లులుండేవి. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ కుట్టు ఫ్యాక్టరీ ఓనర్లు ఇద్దరూ వలస వచ్చిన యూదులే. 1911 మార్చి 25న అది తగలబడితే తలుపుకి తాళం వేసి ఉండడంతో 146 మంది పోయారు, ఎక్కువమంది యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. ఓనర్లని కోర్టు వదిలేసింది. 1914లో ఒక్కో ప్రాణానికి 75 డాలర్లు పరిహారం ఇచ్చారు. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ మంటలకి సరిగ్గా ఒకరోజు ముందు, మార్చి 24న, న్యూయార్క్ రాష్ట్రపు పెద్ద కోర్టు అక్కడి కొత్త కార్మిక పరిహార చట్టం చెల్లదని కొట్టేసింది. మనవాడు కాబట్టి మనకి అన్యాయం చేయడు అనుకోవడం ఎప్పుడూ ప్రమాదమే. మన కన్సల్టెన్సీల అనుభవం ఉన్నవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు.

1907 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో బ్యాంకులా నడిచే ఒక పెద్ద ట్రస్టు కంపెనీ కుప్పకూలి, బ్యాంకుల మీద జనం పడ్డారు. కొన్ని వారాల్లో మిల్లులు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో ఒక్కరోజే 11,747 మంది దిగిన దేశం నుంచి ఆ చలికాలంలో ఓడలు నిండుగా వెనక్కి వెళ్లాయి. వెళ్లేవాళ్ల లెక్క కూడా సర్కారు రాయడం మొదలుపెట్టింది 1908 లెక్కల సంవత్సరం నుంచే. ఆ కాలంలో వచ్చినవాళ్లలో పావు నుంచి మూడో వంతు దాకా తిరిగి వెళ్లిపోయారని చరిత్రకారులు అంచనా వేస్తారు. ఇటాలియన్లలో ఇంకా ఎక్కువ. కొందరు అనుకున్నట్టే భూమి కొనుక్కున్నారు. కొందరు ఊపిరితిత్తుల జబ్బుతో, లేని చేతితో వెళ్లారు. మనం ఇక్కడ చూసే విజయగాథలన్నీ ఉండిపోయినవాళ్ల మనవలు చెప్పినవి. వెళ్లిపోయినవాళ్ల కథ ఇక్కడ చెప్పేవాళ్లు లేరు.

మరి మన దేశం వాళ్లు? 1907లో మనవాళ్లూ వచ్చారు, పడమటి తీరానికి. ఎక్కువమంది పంజాబీ సిక్కులు. వాషింగ్టన్ రాష్ట్రంలో బెలింగ్‌హామ్ అనే ఊళ్లో కర్ర మిల్లుల్లో పని చేసేవాళ్లు. సెప్టెంబర్ 4 రాత్రి కొన్ని వందలమంది తెల్లవాళ్ల గుంపు వాళ్లుండే ఇళ్ల మీద పడి, కొట్టి, బయటికి ఈడ్చింది. చాలామందిని ఆ రాత్రి సిటీ హాలు కింద గదిలో పెట్టారు. కొద్దిరోజుల్లో ఆ ఊళ్లో ఒక్క భారతీయుడు లేడు. 1917 చట్టంతో మన దేశం నుంచి కూలీలు రావడమే నిషేధం. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని సుప్రీంకోర్టు తేల్చింది. చైనా కూలీలకైతే 1882 నుంచే తలుపు మూసేశారు. కాబట్టి "ఆ కాలంలో అందరూ హాయిగా వచ్చేశారు" అనేటప్పుడు ఆ అందరిలో మనం లేము. మనకి తలుపు బాగా తెరుచుకుంది 1965 తర్వాత. 1924 కోటా చట్టంతో ఇటాలియన్లు, స్లావ్‌లు, యూదులకి కూడా దాదాపు మూసేశారు.

తర్వాత మార్పులు వచ్చాయి, చాలా మెల్లగా. పెన్సిల్వేనియాలో కార్మిక పరిహార చట్టం 1915లో వచ్చింది. తప్పు ఎవరిదని అడగకుండా పరిహారం ఇవ్వాలి. నా ఉద్యోగం పుట్టింది ఆ చట్టంలోంచే. విదేశంలో ఉన్న భార్యాపిల్లలకి మాత్రం మొత్తం తగ్గించి ఇవ్వాలని అందులోనే రాశారు. ఏమీ రాని రోజుల కన్నా మేలే, కానీ మనిషికి మనిషికి తేడా పెట్టడం పోలేదు. ఉక్కు మిల్లుల్లో 12 గంటల పని 1919 పెద్ద సమ్మెతో కూడా పోలేదు, 1923లో పోయింది. కార్నెగీ కంపెనీ కలిసిపోయిన యు.ఎస్. స్టీల్ కంపెనీ, ఉక్కు కార్మికుల యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం చేసింది 1937 మార్చిలో. ఆ యూనియన్ నడిపిన ఫిలిప్ మర్రే కూడా స్కాట్లండ్ నుంచి వచ్చిన గని కార్మికుడే. సంతకాల కోసం మిల్లు గేట్ల దగ్గర నిలబడ్డవాళ్లలో చాలామంది 1907 నాటి వాళ్ల కొడుకులు, ఆ అద్దె ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. వీళ్లకి ఇంగ్లీషు సొంత భాషే. వెనక్కి వెళ్లిపోదాం అన్న ఆలోచన లేదు. తండ్రులు భరించింది వాళ్లు భరించలేదు.

పిట్స్‌బర్గ్ వచ్చినవాళ్లకి ఒక చోటు చెప్తాను. నదికి అటువైపు మిల్‌వేల్‌లో సెయింట్ నికలస్ క్రొయేషియన్ చర్చి ఉంది. మాక్సో వాంకా అనే క్రొయేషియన్ చిత్రకారుడు 1937లోనూ 1941లోనూ దాని గోడలన్నీ బొమ్మలు వేశాడు. దేవుళ్ల బొమ్మల పక్కనే, పనిలో చనిపోయిన కుర్రాడి చుట్టూ కూర్చుని ఏడుస్తున్న తల్లులు ఉంటారు. చర్చి గోడ మీద ఇలాంటిది వేయించుకోవడానికి ఆ జనం ఒప్పుకున్నారంటే వాళ్లకి అది ఎంత దగ్గరి సంగతో ఊహించుకోండి. టూర్లు ఉంటాయి, వెళ్లేముందు టైమింగులు చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మని తీసుకెళ్తే మిగతా పిట్స్‌బర్గ్ అంతటికన్నా అక్కడే ఎక్కువసేపు ఉంది. పదేళ్లు దాటిన పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి, ప్రశ్నలు అడుగుతారు.